ఎంతమందిలో ఎంతమందికి

2007లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం ఒక కొత్త ప్రొఫెసర్ పదవిని ఏర్పాటు చేసింది. రిస్కు అంటే ఏమిటో మామూలు జనానికి తెలియజెప్పడమే ఆ ప్రొఫెసర్ ఉద్యోగం. తరగతి గదిలో పాఠం చెప్పే ప్రొఫెసర్లు ఎక్కడైనా ఉంటారు. సిద్ధాంతాలు కనిపెట్టేవాళ్లూ ఉంటారు. ఊరందరికీ పాఠం చెప్పడానికి, అదీ లెక్కల పాఠం చెప్పడానికి, జీతమిచ్చి ఒక మనిషిని పెట్టుకోవాలన్న ఆలోచన నాకు ఎంతో గొప్పగా అనిపించింది. వింటన్ అనే పెట్టుబడుల సంస్థ నిధి సమకూర్చింది కాబట్టి పదవికి ఆ పేరు పెట్టారు. అందులో మొదట కూర్చున్నవారు డేవిడ్ స్పీగల్‌హాల్టర్. 2018 దాకా ఆయనే ఉన్నారు.

ఆయన పుట్టింది 1953లో, డెవన్ కౌంటీలోని బార్న్‌స్టపుల్‌లో. ఈ పదవిలోకి రాకముందు పాతికేళ్లకు పైగా కేంబ్రిడ్జిలోనే వైద్య పరిశోధన మండలివారి బయోస్టాటిస్టిక్స్ విభాగంలో పనిచేశారు. బేయీషియన్ పద్ధతిలో లెక్కలు చేసేవాళ్లకు ఆయన బృందం తయారుచేసిన ‘బగ్స్’ సాఫ్ట్‌వేర్ బాగా తెలుసు. అదంతా పండితుల లోకం. అక్కడే ఉండిపోయినా ఆయనకు పేరుకు కొదవ ఉండేది కాదు. ఆ లోకంలోంచి బయటికి, టీవీల్లోకి, పత్రికల్లోకి, ఆసుపత్రి కరపత్రాల్లోకి ఆయన ఎందుకొచ్చారో తెలియాలంటే బ్రిస్టల్‌కు వెళ్లాలి.

బ్రిస్టల్ రాయల్ ఇన్ఫర్మరీ అనే పెద్దాసుపత్రిలో పసిపిల్లలకు గుండె ఆపరేషన్లు చేసేవారు. పుట్టుకతోనే గుండెలో రంధ్రమున్న పిల్లలు, రక్తనాళాలు ఒకదాని చోట ఒకటి అతుక్కుని పుట్టిన పిల్లలు. అక్కడ మత్తుమందు వైద్యుడిగా చేరిన స్టీఫెన్ బోల్సిన్‌కు ఆపరేషన్లకు పట్టే సమయం ఎక్కువగా కనిపించింది, చనిపోతున్న పిల్లల సంఖ్యా ఎక్కువగా కనిపించింది. తనంతట తాను లెక్క రాసిపెట్టుకున్నాడు. పైవాళ్లకు చెప్పాడు. వినాల్సినవాళ్లు వినడానికి ఏళ్లు పట్టింది. చివరికి 1998లో ఇయాన్ కెనెడీ అధ్యక్షతన బహిరంగ విచారణ మొదలైంది. లెక్కలు తేల్చే బృందానికి స్పీగల్‌హాల్టర్ నాయకుడు.

ఆయన ముందున్న మొదటి ప్రశ్న చాలా చిన్నది. ఎంతమంది పిల్లలకు ఆపరేషన్ జరిగింది, వాళ్లలో ఎంతమంది చనిపోయారు? తీరా చూస్తే ఆసుపత్రుల జాతీయ రికార్డుల్లో ఒక సంఖ్య, సర్జన్లు తమకు తాము నడుపుకునే రిజిస్టరులో ఇంకో సంఖ్య. దేన్ని గుండె ఆపరేషన్ అనాలి? ఆపరేషనయ్యాక ఎన్ని రోజుల్లోపు చనిపోతే దాన్ని ఈ లెక్కలో వేయాలి? ఏ వయసు దాకా? డేటా అంటే ఎక్కడో పోగుపడి ఉంటుంది, తీసుకొచ్చి కూడటమే మిగిలిన పని అనుకుంటాం. బ్రిస్టల్‌లో లెక్కపెట్టడమే సగం పని అయింది. 2001లో నివేదిక వచ్చింది. 1991 నుంచి 1995 మధ్య అక్కడ ఓపెన్ హార్ట్ సర్జరీ అయిన ఏడాదిలోపు పిల్లల్లో, మామూలు ఆసుపత్రిలో అయితే పోయి ఉండేవాళ్ల కంటే 30 నుంచి 35 మంది ఎక్కువగా చనిపోయారని తేలింది.

ఈ వాక్యం దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. ఆ 30 మంది ఎవరు? ఎవరూ చెప్పలేరు. ప్రతి బిడ్డ మరణానికీ విడిగా ఏదో ఒక కారణం ఉంది. గుండె మరీ బలహీనమనో, నాళాలు మరీ సన్ననివనో రాసిపెట్టే ఉంటుంది. విడివిడిగా చూసినంతకాలం ఏ ఒక్క మరణమూ అనుమానం కలిగించదు. అన్నిటినీ ఒకచోట పేర్చి, దేశంలోని మిగతా ఆసుపత్రుల పక్కన పెట్టినప్పుడే ఆ తేడా కనిపిస్తుంది. అప్పుడు కూడా అది తేడాగానే ఉంటుంది, పేర్లు ఉండవు. బిడ్డను పోగొట్టుకున్న ప్రతి తల్లీ “ఆ 30 మందిలో నా బిడ్డ ఉన్నాడా?” అని అడుగుతుంది. గణాంక శాస్త్రం దగ్గర దానికి జవాబు లేదు. కానీ ఇంకొక బిడ్డ ఆ లెక్కలో చేరకుండా ఆపగలిగేది ఆ శాస్త్రమే. డేటా గురించి జనానికి చెప్పే ఏ మనిషైనా ఈ రెండూ కలిపి చెప్పాలని నా నమ్మకం. ఏం చెప్పగలమో గట్టిగా చెప్పాలి, ఏం చెప్పలేమో అంతే గట్టిగా చెప్పాలి. స్పీగల్‌హాల్టర్ ఆ తర్వాత చేసిన పనంతా ఈ రెండో సగాన్ని దాచకుండా ఉండటం మీదే నిలబడింది.

బ్రిస్టల్ వెనకే హెరాల్డ్ షిప్‌మన్ కేసు వచ్చింది. మాంచెస్టర్ దగ్గర హైడ్ అనే చిన్న ఊళ్లో అతను ఫ్యామిలీ డాక్టరు. ముసలివాళ్ల ఇళ్లకు వెళ్లి చూసేవాడు, మంచి డాక్టరని పేరు. వాళ్లకు మార్ఫిన్ జాతి మందు ఇంజెక్షన్ ఇచ్చి చంపుతూ వచ్చాడు. 2000 జనవరిలో 15 హత్యలకు శిక్షపడింది. జానెట్ స్మిత్ విచారణలో చనిపోయినవాళ్లు 215 మంది అని తేలింది. ముందే పట్టుకోగలిగేవాళ్లమా అన్న ప్రశ్న స్పీగల్‌హాల్టర్ బృందం ముందుకు వచ్చింది. మరణాల లెక్కను ఎవరైనా ఏటేటా చూస్తూ ఉంటే ఎన్నో ఏళ్ల ముందే గంట మోగి ఉండేదని వాళ్లు చూపించారు. నన్ను కదిలించింది మాత్రం అంతకంటే తేలికైన ఒక బొమ్మ. పేషెంట్లు రోజులో ఏ గంటకు చనిపోయారన్నది గీసిన గ్రాఫు. చుట్టుపక్కల మిగతా డాక్టర్ల పేషెంట్లలో మరణాలు రాత్రీ పగలూ ఇంచుమించు సమానంగా పరుచుకుని ఉన్నాయి. షిప్‌మన్ పేషెంట్లలో మధ్యాహ్న భోజనం వేళ దాటాక ఒక్కసారి శిఖరం లేచింది. అది అతను ఇళ్లకు వెళ్లే సమయం. ఆ గ్రాఫు చూసినవాళ్లకు ఏ ఫార్ములా అక్కర్లేదు.

ఇక్కడితో ఆపేస్తే, లెక్కలుంటే చాలు, హంతకులు దొరికిపోతారన్న కథ అవుతుంది. స్పీగల్‌హాల్టర్ అక్కడ ఆపలేదు. అలాంటి నిఘా పద్ధతిని మిగతా డాక్టర్ల మీద ప్రయోగాత్మకంగా పెట్టి చూస్తే, షిప్‌మన్ కంటే ఎక్కువ మరణాలున్న ఇంకో డాక్టరు బయటపడ్డాడు. విచారిస్తే ఆయన దక్షిణ తీరంలో వృద్ధులు ఎక్కువగా స్థిరపడే ఊళ్లో పనిచేస్తున్నాడు. చివరి రోజుల్లో ఆసుపత్రికి తరలించకుండా, కోరుకున్నవాళ్లు తమ ఇంట్లోనే కన్నుమూసేలా శ్రద్ధగా చూసుకుంటున్నాడు. అందువల్ల మరణ పత్రాల మీద ఆయన సంతకాలు ఎక్కువ. ఆ లెక్క నేరుగా పత్రికకు చేరి ఉంటే ఆ మంచి మనిషి బతుకు ఏమయ్యేది? డేటా అందరికీ బహిరంగం చేయాలని గట్టిగా వాదించేవాళ్లలో నేనూ ఒకణ్ణి. బయటపెట్టేవాళ్లకు ఈ డాక్టరు ఎప్పుడూ గుర్తుండాలని కూడా అంతే గట్టిగా అంటాను.

బ్రిస్టల్ తర్వాత బ్రిటన్‌లో పిల్లల గుండె ఆపరేషన్ల ఫలితాలు ఆసుపత్రివారీగా ప్రచురించడం మొదలైంది. బ్రతికి బయటపడేవాళ్లు దాదాపు 98 శాతం. అయినా ఒక చిక్కు ఉంది. కష్టమైన కేసులన్నీ తీసుకునే పెద్దాసుపత్రిలో మరణాలు కొంచెం ఎక్కువగానే ఉంటాయి. పట్టికలో చూస్తే అదే అధ్వాన్నమైన ఆసుపత్రిలా కనిపిస్తుంది. తల్లిదండ్రులు భయపడి బిడ్డను ఇంకోచోటికి తీసుకెళ్తారు. డాక్టర్లు భయపడి కష్టమైన కేసు వద్దంటారు. అందుకని లండన్‌లోని క్రిస్టినా పేజెల్, స్పీగల్‌హాల్టర్, వాళ్ల సహచరులు ఒక వెబ్‌సైటు తయారుచేశారు. 2016లో అది జనం ముందుకు వచ్చింది. ఏ ఆసుపత్రి ఫలితాన్నీ మరో ఆసుపత్రి ఫలితంతో పోల్చలేదు. ఆ ఆసుపత్రికి వచ్చిన పిల్లల జబ్బుల తీవ్రతను బట్టి ఎంతమంది బతుకుతారని అంచనా, నిజంగా ఎంతమంది బతికారు అన్నది మాత్రమే చూపించారు.

ఆ వెబ్‌సైటులో రాసిన విషయం కంటే దాన్ని రాసిన తీరు నాకు ఎక్కువ ముఖ్యమనిపిస్తుంది. గుండె జబ్బు పిల్లల తల్లిదండ్రులను పిలిచి కూర్చోబెట్టి, రాసిన ప్రతి ముక్కా వాళ్లచేత చదివించారు. నిపుణులు ఎంతో స్పష్టంగా ఉందనుకున్నది తల్లిదండ్రులకు అర్థం కాలేదు. కొన్ని మాటలు వాళ్లను గాయపరిచాయి కూడా. మళ్లీ రాశారు, మళ్లీ చదివించారు. 100 మందిలో 98 మంది బతికారని చెప్పాలా, ఇద్దరు పోయారని చెప్పాలా అన్నది కూడా ఆలోచించాల్సిన విషయమే. లెక్క ఒకటే, వినేవాళ్ల గుండెలో పడేది ఒకటి కాదు. రెండూ చెప్పడమే న్యాయమని స్పీగల్‌హాల్టర్ అభిప్రాయం. ఒకసారి లండన్ మెట్రోలో ఒక ప్రకటన వచ్చింది. నగర యువతలో 99 శాతం మంది తీవ్రమైన హింసకు పాల్పడరని ఆ ప్రకటన ధైర్యం చెప్పింది. యువత మొత్తం సుమారు 10 లక్షలనుకుంటే మిగిలిన 1 శాతం అంటే 10,000 మంది హింసాపరులని ఆయన తిప్పి చూపించారు. రెండు వాక్యాలూ నిజమే. ఒకటి నిమురుతుంది, ఇంకొకటి బెదిరిస్తుంది. ఎవరైనా ఒక్క వాక్యమే చెప్తున్నారంటే మనల్ని ఎటో నడిపించాలనుకుంటున్నారని అర్థం.

పత్రికలు చదివేవాళ్లకు ఇది రోజూ ఎదురయ్యే సంగతే. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం ఒక ప్రకటన చేసింది. బేకన్, సాసేజ్‌లాంటి నిల్వ మాంసం రోజుకు 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ రిస్కు 18 శాతం పెరుగుతుందన్నది దాని సారాంశం. బ్రిటన్‌లో పొద్దున్నే బేకన్ శాండ్‌విచ్ తినేవాళ్లు లక్షల్లో ఉంటారు. పత్రికలు గోల చేశాయి. స్పీగల్‌హాల్టర్ ఆ 18 శాతాన్ని మనుషుల్లోకి మార్చి చెప్పారు. బేకన్ తినని 100 మందిని తీసుకుంటే జీవితకాలంలో ఆరుగురికి ఆ క్యాన్సర్ వస్తుంది. రోజూ తినే 100 మందిలో ఏడుగురికి వస్తుంది. అంతే. ఆ ఏడో మనిషి చిన్నవాడని నేననను, అతనికీ ఇల్లూ పిల్లలూ ఉంటారు. కానీ 18 అనే అంకెను విని వణికిపోయే మనిషి, ఆరు ఏడవుతుందని వింటే కాస్త కుదురుగా ఆలోచిస్తాడు. తినాలా మానాలా అన్నది అతనే తేల్చుకుంటాడు.

కుదురుగా ఆలోచించే అవకాశం ఇవ్వకపోతే ఏమవుతుందో కూడా బ్రిటన్ చూసింది. 1995 అక్టోబరులో మందుల భద్రతా కమిటీ కొత్త రకం గర్భనిరోధక మాత్రల గురించి దేశంలోని డాక్టర్లందరికీ హెచ్చరిక పంపింది. రక్తం గడ్డకట్టే ప్రమాదం రెట్టింపవుతోందన్నది సారాంశం. మహిళలు బెదిరిపోయి మాత్రలు మానేశారు. ఆ రెట్టింపు వెనకున్న అసలు లెక్క ఏమిటంటే పాత మాత్రలు వాడే 7,000 మందిలో ఒకరికి గడ్డకడితే, కొత్తవి వాడే 7,000 మందిలో ఇద్దరికి. గర్భం దాల్చినా, గర్భస్రావం చేయించుకున్నా గడ్డకట్టే ప్రమాదం దీనికంటే ఎక్కువ. ఆ మరుసటి ఏడాది ఇంగ్లండ్, వేల్స్‌లలో గర్భస్రావాలు సుమారు 13,000 పెరిగాయని బెర్లిన్ మనస్తత్వ శాస్త్రవేత్త గెర్డ్ గిగెరెంజర్ రాశారు. హెచ్చరికలో అబద్ధం ఒక్కటీ లేదు. ఎంతమందిలో అన్న ముక్క వదిలేయడం వల్లే ఇంత జరిగింది.

కోవిడ్ కాలంలో స్పీగల్‌హాల్టర్ బ్రిటన్‌లో ఇంటింటికీ తెలిసిన మనిషయ్యారు. ప్రభుత్వం రోజూ సాయంత్రం టీవీలో అంకెలు కుమ్మరించేది. 2020 మేలో బీబీసీ చర్చలో ఆయన దాన్ని అంకెల నాటకమన్నారు. జనానికి తెలియాల్సింది చెప్పడంలేదని, పెద్ద పెద్ద సంఖ్యలతో ఆకట్టుకోవడమే జరుగుతోందని ఆయన బాధ. అంతకు కొద్ది రోజుల ముందే ఇంకొకటి జరిగింది. దేశాల మధ్య మరణాల ర్యాంకుల పట్టికలు తయారుచేయడం ఇప్పుడే సరికాదని ఆయన గార్డియన్ పత్రికలో రాశారు. ప్రధాని బోరిస్ జాన్సన్ పార్లమెంటులో ఆ వ్యాసాన్ని చూపించి, ఇతర దేశాలతో మనల్ని పోల్చలేమని వాదించారు. తన వ్యాసాన్ని అలా వాడటం ఆపమని స్పీగల్‌హాల్టర్ అదేరోజు బహిరంగంగా కోరారు. మన దగ్గర సంఖ్యలు ఎందుకు ఎక్కువగా ఉన్నాయో తెలుసుకోవడానికి ఇతర దేశాలను చూడాల్సిందేనని స్పష్టం చేశారు. ప్రధాని తన పేరు చెప్పి మెచ్చుకుంటుంటే, అలా కాదని అదేరోజు చెప్పడానికి ఎంత నిబ్బరం కావాలి!

ఆయన పని పరాకాష్ఠకు చేరింది 2021 ఏప్రిల్ 7న అనుకుంటాను. ఆస్ట్రాజెనెకా టీకా వల్ల అరుదుగా ఒక ప్రత్యేక రకం రక్తపు గడ్డలు వస్తున్నాయన్న అనుమానం అప్పటికే ముదిరింది. అంతకు మూడు వారాల ముందు ఆయన కూడా గార్డియన్‌లో దీని గురించి రాశారు. టీకా లేకపోయినా 50 లక్షల మందిలో వారానికి సుమారు 100 మందికి కాళ్లలోనో మరోచోటో రక్తం గడ్డకడుతుంది కాబట్టి, వచ్చిన 30 ఫిర్యాదులను చూసి ఆశ్చర్యపోనక్కర్లేదన్నారు. ఆ వాదన మామూలు గడ్డలకు సరిపోతుంది. ప్లేట్‌లెట్లు పడిపోతూ మెదడు నాళాల్లో కట్టే ఈ కొత్త రకం గడ్డలు మామూలువి కావని తర్వాత తేలుతూ వచ్చింది. మార్చి 31 నాటికి బ్రిటన్‌లో 2 కోట్ల డోసులకు 79 కేసులు, వాటిలో 19 మరణాలు. అంటే 10 లక్షల డోసులకు సుమారు నలుగురు.

ఏప్రిల్ 7న దేశమంతా చూస్తుండగా ఆరోగ్యాధికారి జొనాథన్ వాన్‌టామ్ టీవీలో ఒక చార్టు చూపించారు. దాన్ని తయారుచేసింది కేంబ్రిడ్జిలో స్పీగల్‌హాల్టర్ వాళ్ల కేంద్రం. ఒకవైపు టీకా వల్ల తప్పే ఐసీయూ చేరికలు, రెండోవైపు టీకా వల్ల వచ్చే గడ్డలు, రెండూ లక్ష మందికి ఎంతమంది అన్న ఒకే కొలతలో. వైరస్ తక్కువగా తిరుగుతున్న రోజుల్లో 60 నుంచి 69 ఏళ్లవాళ్లకు టీకా 14.1 ఐసీయూ చేరికలను తప్పిస్తుంది, 0.2 గడ్డలు తెస్తుంది. 20 నుంచి 29 ఏళ్లవాళ్లకు తప్పించేది 0.8, తెచ్చేది 1.1. చిన్నవాళ్ల వరసలో చెడువైపు గీత మంచివైపు గీత కంటే పొడుగ్గా ఉంది. దాన్ని దాచలేదు. 30 ఏళ్లలోపు వాళ్లకు వేరే టీకా ఇస్తామని ప్రకటించారు. ఎందుకో జనం కళ్లతో చూశారు. టీకా భద్రమైనది, భయపడకండి అని నినాదం ఇవ్వడం ఎంత తేలిక! అదే టీకాలో నీ వయసుకు ఎంత మేలు, ఎంత కీడు ఉందో ఒకే పేజీలో పెట్టి ఎదుటిమనిషిని పెద్దమనిషిగా చూడటం ఎంత కష్టం!

ఆ టీకాయే మనకు కోవిషీల్డ్. 2024 ఏప్రిల్ చివర్లో, లండన్ కోర్టులో కంపెనీ ఈ గడ్డల సంగతి ఒప్పుకుందన్న వార్త వచ్చింది. తెనాలి నుంచి మా పిన్ని ఫోన్ చేసింది.

“ఒరే, మనందరం వేయించుకున్నదీ అదే కదరా? రక్తం గడ్డకడుతుందట. పక్కింటి కుర్రాడు జిమ్‌లో పడిపోయాడు కదా, దానివల్లేనంటున్నారు.”

“అది వస్తే డోసు పడిన కొద్ది వారాల్లోనే వస్తుంది పిన్నీ. నువ్వు వేయించుకుని మూడేళ్లు కావస్తోంది. అదీ లక్షల్లో ఒకరికి.”

“సరే, బానే ఉంది. మరి ఆ మాట అప్పుడే ఎందుకు చెప్పలేదు?”

నిజానికి చెప్పారు. 2021 మే 17న కేంద్ర ఆరోగ్య శాఖ విడుదల చేసిన ప్రకటనలో ఉంది. తీవ్రమైన దుష్ఫలితాల కేసులు పరిశీలించాక కోవిషీల్డ్ తీసుకున్నవాళ్లలో 26 మందికి గడ్డల సమస్య ఉండవచ్చని, 10 లక్షల డోసులకు 0.61 చొప్పున వస్తోందని, ఏ లక్షణాలు కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలో కూడా రాశారు. పత్రికల్లోనూ వచ్చింది. మా పిన్ని రోజూ పేపరు చదువుతుంది. ఆమెకు మాత్రం చేరలేదు. రెండో వేవ్ ఉధృతంగా ఉంది, ఆక్సిజన్ కోసం జనం పరుగెత్తుతున్నారు, 0.61 అన్న దశాంశం ఎవరి కళ్లకు ఆనుతుంది? అది ఏ వయసువాళ్లకో లేదు, టీకా వేసుకోకపోతే వచ్చే ప్రమాదం ఎంతో పక్కన లేదు. అంకెను బయటపెట్టడంతో పని అయిపోయిందనుకున్నారు. దేశంలో 170 కోట్లకు పైగా డోసులు వేసిన టీకా అది. మూడేళ్ల తర్వాత ఒక కోర్టు వార్త రాగానే జనం దాచిపెట్టారని నమ్మారు. జిమ్‌లో పడిపోయిన ప్రతి కుర్రాడి మరణం ఆ ఖాతాలోకి వెళ్లింది. పిన్ని ప్రశ్నకు నా దగ్గరున్న జవాబు సరైనదే. అది ఆమెకు 2021లో, సూది వేసుకునే ముందే, ఆరోగ్య కేంద్రంలోని గోడ మీద కనిపించి ఉండాల్సింది.

తత్వవేత్త ఓనోరా ఓనీల్ 2002లో బీబీసీ రీత్ ఉపన్యాసాలిచ్చారు. వాటిలోని ఆలోచనను స్పీగల్‌హాల్టర్ ప్రతిచోటా తలచుకుంటారు. జనం మనల్ని నమ్మేలా చేయడం ఎలా అని సంస్థలు అడుగుతుంటాయి. ఆ ప్రశ్నే తప్పని ఓనీల్ అంటారు. నమ్మకానికి అర్హంగా ఉండటం మన చేతుల్లో ఉంది, నమ్మాలా వద్దా అన్నది ఎదుటివాళ్ల చేతుల్లో ఉంది. చెప్పేది అందుబాటులో ఉందా, అర్థమవుతోందా, వాళ్లకు పనికొస్తుందా, నిజమో కాదో వాళ్లు పరీక్షించుకునే వీలుందా? ఇవి చూసుకోవాలి. 2020లో మైకేల్ బ్లాస్ట్‌లాండ్, అలెగ్జాండ్రా ఫ్రీమన్ తదితరులతో కలిసి ‘నేచర్’లో స్పీగల్‌హాల్టర్ రాసిన చిన్న వ్యాసం కూడా ఇదే చెప్పింది. తెలియజెప్పు, ఒప్పించాలని చూడకు. లాభంతోపాటు నష్టమూ చెప్పు. తెలియనిది తెలియదని చెప్పు. అపోహలు పుడతాయని తెలిస్తే ముందే హెచ్చరించు.

ఒప్పించకపోతే ఎలా, జనం ప్రాణాలు పోతాయి కదా అని డాక్టర్లు అడుగుతారు. సరైన ప్రశ్నే. అయినా నేను స్పీగల్‌హాల్టర్ వైపే ఉంటాను. ఈ రోజు మంచి పని కోసం అంకెను కాస్త వంచినవాణ్ణి, రేపు చెడ్డ పని కోసం వంచినవాడి పక్కనే నిలబెడతారు జనం. అప్పుడు ఇద్దరి మాటా ఒకటే అవుతుంది. తెలియదని చెప్తే జనం నమ్మకం పోతుందన్న భయం కూడా అంత నిజం కాదు. ఆయన కేంద్రంలోని పరిశోధకులు 2020లో దాన్ని పరీక్షించారు. ఒక సంఖ్యతోపాటు అది ఇంత నుంచి ఇంత వరకు ఉండవచ్చని అంకెల్లో చెప్పినప్పుడు నమ్మకం పెద్దగా తగ్గలేదు. కొంత అటూఇటూ ఉండవచ్చు అని మాటల్లో నసిగినప్పుడు ఎక్కువ తగ్గింది.

ఇదంతా ఇంగ్లండ్ సంగతి అనుకోనక్కర్లేదు. గూడూరు, నూజివీడు, నందిగామల్లో చదివి, విశాఖలో ఆంధ్రా విశ్వవిద్యాలయంలో గణితంలో పీజీ చేసి, కోల్‌కతా మీదుగా అదే కేంబ్రిడ్జికి వెళ్లి గణాంకవేత్త ఫిషర్ దగ్గర డాక్టరేట్ చేసిన కల్యంపూడి రాధాకృష్ణారావు గారు మనవారు. 2023లో 102 ఏళ్ల వయసులో అంతర్జాతీయ గణాంక పురస్కారం అందుకుని, ఆ ఆగస్టులోనే కన్నుమూశారు. ఆయన పేరు మీద సిద్ధాంతాలు ఎన్నో ఉన్నాయి, వాటిని నేను వివరించబోను. ‘స్టాటిస్టిక్స్ అండ్ ట్రూత్’ అని మామూలు పాఠకుల కోసం రాసిన చిన్న పుస్తకం నాకు ఇష్టం. అందులో 1947 నాటి ఢిల్లీ సంగతి ఉంది. అల్లర్లకు భయపడి వేలమంది ఎర్రకోటలో తలదాచుకున్నారు. వాళ్లకు తిండి పెట్టే కాంట్రాక్టర్లు పంపే బిల్లులు ప్రభుత్వం చెల్లిస్తోంది. లోపల ఎంతమంది ఉన్నారో తెలియదు, వెళ్లి లెక్కపెట్టే పరిస్థితి లేదు. గణాంకవేత్తలు బిల్లుల్లోని బియ్యం, పప్పు, ఉప్పు తీసుకుని, మనిషికి రోజుకు ఎంత ఖర్చవుతుందో దానితో భాగించారు. బియ్యాన్ని బట్టి వేస్తే జనం చాలా ఎక్కువ వచ్చారు, పప్పును బట్టి కాస్త తక్కువ, ఉప్పును బట్టి అన్నిటికంటే తక్కువ. ఉప్పు చవక. దొంగ లెక్క రాసినా లాభం లేదు కాబట్టి ఎవరూ రాయరు. ఉప్పు లెక్కే నమ్మారు. హుమాయూన్ సమాధి దగ్గరున్న చిన్న శిబిరంలో అదే పద్ధతి సరిచూస్తే సరిపోయింది.

ఈ కథ ఇంటర్ చదివే పిల్లలకెవరికైనా చెప్పండి, కళ్లు మెరుస్తాయి. ఇంటర్ పిల్లలంటే గుర్తొచ్చింది. మే, జూన్ నెలల్లో మన పత్రికల నిండా ర్యాంకుల ప్రకటనలు వస్తాయి. వరసగా పిల్లల ఫొటోలు, వందలోపు ఇన్ని, వెయ్యిలోపు ఇన్ని. మొత్తం ఎంతమంది రాస్తే ఇన్ని వచ్చాయన్నది ఆ పేజీల్లో నాకు ఎన్నడూ కనిపించలేదు. లక్షమంది రాస్తే వచ్చిన పది ర్యాంకులూ, 200 మంది రాస్తే వచ్చిన పది ర్యాంకులూ అక్కడ ఒకేలా మెరుస్తాయి. ఆ మెరుపు చూసి ఎన్ని ఇళ్లలో పొలం అమ్ముతున్నారో, ఎన్ని ఇళ్లలో బంగారం తాకట్టు పెడుతున్నారో మనందరికీ తెలుసు. గర్భనిరోధక మాత్రల హెచ్చరికలో వదిలేసిన ముక్క, ఈ ప్రకటనల్లో వదిలేసే ముక్క ఒకటే.

రావు గారు చదివిన విశాఖలోనో, ఆయన పేరు మీద సంస్థ ఉన్న హైదరాబాద్‌లోనో కేంబ్రిడ్జిలాంటి కుర్చీ ఒకటి వేయాలని నా కోరిక. అందులో కూర్చునే అమ్మాయి తెలుగులో మాట్లాడాలి, తెలుగులో రాయాలి. జూన్‌లో ర్యాంకుల పేజీ వచ్చిన రోజే, ఆ కళాశాలల నుంచి పరీక్ష రాసినవాళ్లందరి లెక్క అడిగి తెప్పించి పక్కన వేయాలి. ఇవ్వకపోతే ఇవ్వలేదని వేయాలి. వానాకాలంలో డెంగీ కేసులు రెట్టింపయ్యాయని వార్త రాగానే ఎంతనుంచి ఎంతకో, ఎన్ని పరీక్షలు చేస్తే అన్ని దొరికాయో సాయంత్రానికి టీవీలో చెప్పాలి. కొత్త టీకా వచ్చిన రోజు, వయసులవారీగా మేలూ కీడూ గీసిన చార్టు ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికీ చేరాలి. ఏది రాసినా మొదటి ప్రతిని తెనాలిలాంటి ఊళ్లలో పది ఇళ్లకు పంపి చదివించాలి. అక్కడివాళ్లు “ఇది అర్థం కాలేదమ్మా” అన్న వాక్యాన్ని కొట్టేసి మళ్లీ రాసుకుని, మళ్లీ పంపాలి.